పలాస పప్పు, వియత్నాం మిషను

విమానం ఎక్కిన మొదటి గంటలోనే బెల్టు నాలుగుసార్లు విప్పి పెట్టుకున్నాను. పక్క సీట్లో ఉన్నాయన మా పలాసలోనే జీడి వ్యాపారి. ఇదేం ఆటో కాదని, మధ్యలో దిగడం కుదరదని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. యాభై దాటాక మొదటిసారి నేల విడిచాను. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. చేతులకు పని లేదు. ఊరికే ఒళ్లో పడి ఉన్న నా చేతుల్ని చూస్తే నాకే చిరాకేసింది.

మేం వెళ్తున్నది వియత్నాంకి, జీడిపప్పు మిషన్లు చూడటానికి. మా ఆయనకు విమానమంటే భయం, కానీ ఒప్పుకోడు. మా జీడి షెడ్డులో బట్టీ దగ్గర మనిషి ఉండాలని వంక పెట్టి నన్ను పంపాడు. మొత్తం ఐదుగురం, ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరివీ చిన్న షెడ్లే. పెద్దవాళ్లు ఎప్పుడో మిషన్లు పెట్టేశారు. మా షెడ్డులో మాత్రం ఉద్దానం తోటల జీడిపిక్కలు కొట్టి ఆరబెట్టాక, పదహారుమంది ఆడవాళ్లు కూర్చుని పప్పుకు చేత్తో పొట్టు తీసి, విరగని గుండు వేరు, విరిగిన బద్ద వేరు ఏరుతారు. మిషను కావాలో వద్దో మూడో రోజు సాయంత్రానికి నేను చెప్పాలి. కావాలంటే ఆ పదహారుమందిలో నలుగురికి మించి పని ఉండదు. వద్దంటే రెండేళ్లలో షెడ్డే ఉండదేమో. ఈ రెండూ బుర్రలో పెట్టుకుని ఎవరు మాత్రం కుదురుగా కూర్చోగలరు?

ఆ పదహారుమందిలో పెద్దది అక్క. తోడబుట్టింది కాదు. నా పెళ్లికి ముందు ఇద్దరం వేరొకరి షెడ్డులో పక్కపక్కన కూర్చుని పొట్టు తీసేవాళ్లం. పప్పు విరక్కుండా బొటనవేలితో ఎక్కడ నొక్కాలో నాకు నేర్పింది తనే. ఇప్పటికీ రోజూ పూండి నుంచి వస్తుంది. నేను బయల్దేరే ముందు ఒక కేజీ గుండు పప్పు తానే పొట్టు తీసి, ఏరి సంచిలో కట్టి ఇచ్చింది.

"ఆళ్లకి సూపించు. సేత్తో తీసిన పప్పు ఎలగుంటాదో సూడమను," అంది.

జీడిపప్పు మిషన్ల దేశానికి జీడిపప్పు మోసుకెళ్తున్నానని మావాళ్లు దారిపొడుగునా నన్ను ఆటపట్టించారు.

మొదటి రోజు హోటల్ గదిలో కిటికీ తెరుచుకోదని తెలిసి ప్రాణం గిలగిల్లాడింది. గదిలో ఉండలేక కిందికి, కింద ఉండలేక గదికి తిరిగాను. బయటికి వెళ్తే రోడ్డు నిండా స్కూటర్లు. అవి ఆగవట, మనం మెల్లగా నడుచుకుంటూ పోతే అవే తప్పుకుంటాయట. చాలాసేపు అంచున నిలబడి, చివరికి ఒక ముసలావిడ వెనకాలే నక్కి దాటాను. అవతల నాకేం పని లేదు. మళ్లీ ఇటు దాటాను. అన్నం దొరికింది కానీ పులుసు లేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే డ్రయర్ చెడిపోయిందని చెప్పాడు, తిన్నావా అని అడగలేదు. గట్టిగా నాలుగు మాటలని పెట్టేశాను. నా కోపం ఆయన మీద కాదని నాకు తెలుసు.

రెండో రోజు ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. పొట్టు తీసే గదిలో మనుషులే లేరు. ఒకటే గాలి హోరు. ఒకవైపు ఎర్రటి పొట్టుతో పడిన పప్పు ఇంకోవైపు తెల్లగా వస్తోంది. మా షెడ్డులో పూటంతా పట్టే పని నేను చెప్పు సర్దుకునేలోపు అయిపోయింది. మావాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. సంచి విప్పి అక్క ఇచ్చిన పప్పు మేనేజరు ముందు పెట్టాను. మాలో ఇంగ్లీషు వచ్చినాయన అది చేత్తో తీసిందని చెప్పాడు. మేనేజరు ఒకటి కొరికి, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత, నేను వద్దనేలోపే, సంచిలోదంతా కెమెరాతో ఏరే మిషన్లో పోసేశాడు.

మిషను ఠప్ ఠప్‌మని గాలి కొట్టి కొన్ని పప్పుల్ని పక్క డబ్బాలోకి తోసేసింది. ఓ గుప్పెడుంటాయి. మేనేజరు మర్యాదగానే వాటిని తెచ్చి నా చేతిలో పోశాడు. ప్రతి పప్పు మడతలోనూ సన్నటి ఎర్ర పొట్టు ఉంది. ఒకప్పుడు అక్క చేతి కింద నుంచి అలాంటిది ఒక్కటి కూడా దాటిపోయేది కాదు.

తన కళ్లు తగ్గిపోతున్నాయి. ఏడాదిగా పళ్లెం గుమ్మం వెలుతురులోకి జరుపుకుంటోంది. గాలి కోసం అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అనుకున్నట్టు ఉండిపోయాను. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లి కళ్లు చూపించాల్సింది. సీజను అయ్యాక చూద్దాంలే అని ఊరుకున్నాను. మిషను మీద కోపమొచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. మావాళ్ల కంట పడకూడదని ఆ గుప్పెడూ నోట్లో కుక్కుకుని నమిలాను.

మూడో రోజు సాయంత్రం మిషను తీసుకుంటానని చెప్పేశాను. కారణాలు అడిగితే చాలానే చెప్పగలను, అన్నీ షెడ్డు గురించే. ఇంకొకరి నోట వినకూడదని వెంటనే మా ఆయనకు ఫోన్ చేసి, అక్కకి ఇమ్మన్నాను.

"మన పప్పు సూపించినావా? ఏటన్నారు?" అంది.

బాగుందన్నారని చెప్పాను. మేనేజరు తలూపాడు కదా, అబద్ధం కాదులే అనుకున్నాను. వెనకాల ఆడవాళ్లు పని దిగుతూ చెప్పుకుంటున్న కబుర్లు వినిపిస్తున్నాయి.

"మిసను కొనీసినావేటి?"

ఊఁ అన్నాను.

"మరి నానేటి సెయ్యాల, సెల్లీ?"

మిషను వదిలేసిన వాటిని ఏరడానికి ఉంచే నలుగురికీ చూపు బాగుండాలి. ఆ నలుగురిలో అక్క ఉండదు. ఆ మాట చెప్పాలి, లేదా నీకు నేనున్నానని చెప్పాలి. రెండూ చెప్పలేదు.

"వచ్చాక మాట్లాడదాం అక్కా," అన్నాను.

మేమిద్దరం పొట్టు తీసిన ఆ పాత షెడ్డు మూసేసే ముందు మా యజమాని కూడా ఇలాగే తర్వాత మాట్లాడదామన్నాడు. నేను నమ్మి మర్నాడు పనికి బయల్దేరబోతే, ఆ మాటకు ఇక పని లేదనే అర్థమని చెప్పి నన్ను ఆపింది అక్కే.

"సరే అమ్మా," అని ఫోన్ మా ఆయన చేతికిచ్చేసింది. మిగతా పనివాళ్లలా తనూ నన్ను అమ్మా అనడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.