గాలి నాది అన్న సారు

మొన్న ఆదివారం కల్వకుర్తి బస్టాండులో ఉండగా సారు కోడలు ఫోన్ చేసింది. "మా మామ పోయిండు చెల్లె. పొద్దున లేసి చాయ్ తాగిండు. జర ఒరుగుత అన్నడు, మళ్ల లేవలే." నల్లగొండలో బస్సు మారిన సంగతి కూడా నాకు గుర్తు లేదు. కట్టంగూర్ చేరేసరికి ఆయన వాకిట్లో జనం కూర్చుని ఉన్నారు.

ఆయన నాకు తుపాకీ నేర్పిన గురువు. ఉలిక్కిపడకండి, కాగితం మీది నల్ల చుక్కను తప్ప దేన్నీ కాల్చని తుపాకీ అది. కూలి ఇంట్లో పుట్టి, మిలట్రీకి పోయి, రిటైరై వచ్చాక మా తిరుమలగిరి సర్కారు బడిలో పిల్లలకు గురి నేర్పుతానని తానే అడిగి చేరాడు. జీతం లేదు. తుపాకీ కూడా లేదు. కట్టెతో చెక్కినదాన్ని చేతికిచ్చి, మైదానంలో బోర్లా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టడం నేర్పేవాడు. పాత చీర పేలికలు కర్రలకు కట్టి, గాలి ఎటు పోతాందో చెప్పమనేవాడు.

గొర్లు తోలుకుపోతూ మా బాపు ఒకసారి ఆగాడు. "ఏం సారూ, పిల్లను పండవెట్టుడు గూడ చదువేనా?"

"నువ్వు గొర్లెంట తిరుగుడు నేర్పినవు. నేను ఒక్కతాన ఉండుడు నేర్పుతున్న" అన్నాడు సారు.

ఒక్కచోట ఉండడం నాకు చేతనయ్యేది కాదు. కోపం ముక్కు మీద ఉండేది. దొరికిన కరపత్రమల్లా చదివి తల వేడెక్కి ఉన్న రోజులు. "గిది దొరబిడ్డల ఆట సారూ, మనకెందుకు?" అన్నాను.

"పోయి వాళ్ల పక్కనే పండుకో. నేల మీద పండుకున్నంక అందరి ఎత్తు ఒక్కటే."

అంత మంచి మాట ఏ కరపత్రంలోనూ నాకు ఇంతవరకు దొరకలేదు.

తర్వాత పట్నంలో అసలు తుపాకీ పట్టాను. కొన్నేళ్లకు దేశం జట్టులో చోటొచ్చింది. సముద్రం పక్కన ఓ పరాయి ఊళ్లో శని, ఆదివారాలు పోటీ. గాలి చూసే కోచ్‌గా సారునూ పంపారు. మేనేజరుకు అది ఇష్టం లేదు. "ఈసారి సరిగ్గా చేస్తేనే మళ్లీ" అని మా అందరి ముందే అన్నాడు.

శనివారం ఎవరికి వారం కాల్చాం. సాయంత్రం విందులో సారు కోటు జేబులోంచి మామిడి తొక్కు సీసా తీసి, పక్క జట్టు కోచ్ పళ్లెంలో ఇంత వేశాడు. ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూనే ఇంకొంచెం అడిగాడు. "జర ఆగుమను, పొద్దున కాల్చాలె గద" అన్నాడు సారు నవ్వుతూ.

ఆదివారం జట్ల పోటీ. అందులో కోచ్ మన వెనుకే కూర్చుని, దుర్భిణిలో గాలి చూసి, గురి ఎంత జరపాలో చెబుతాడు. ఆయన కొట్టమన్నప్పుడే కొట్టాలి. సారు దానికి తన నియమం ఒకటి కలిపాడు. గుండు ఎటు పోయిందో, అది తగిలిన చోటు చూపే గుర్తు అవతల లేవకముందే మనం నోటితో చెప్పాలి. చెయ్యి కదిలితే కదిలిందనాలి. చెయ్యి కదలకుండానే గుండు పక్కకు పోతే, తప్పు గాలి చూసినవాడిది.

మూడో స్థానం మాదో పక్క జట్టుదో నా ఆఖరి గుండు తేల్చాలి. జెండాలు కుడికి ఎగురుతున్నాయి. సారు గురి ఎడమకు జరిపించాడు. "ఆగు... ఆగు... ఇగ గొట్టు."

వదిలాను. "నడిమిట్ల" అన్నాను.

గుర్తు ఎడమ అంచున లేచింది. మూడో స్థానం పోయింది.

మేనేజరు వచ్చి నన్ను చూశాడు. "చెయ్యి లాగేశావు కదూ?"

నేను నోరు తెరిచేలోపే సారు లేచాడు. "పిల్ల సక్కగనే గొట్టింది. గాలి నాది."

ఆ మాటతో జట్టులో తన చోటు పోతుందని ఆయనకు తెలుసు. పోయింది కూడా. మళ్లీ పిలుపు రాలేదు. నేను మేనేజరు మీదికి వెళ్లబోతే చొక్కా చెయ్యి పట్టి ఆపాడు. "నువ్వు కొట్లాడితే నా తప్పు ఒప్పయితదా?"

తన తప్పును నలుగురిలో తనదని ఒప్పుకున్న పెద్దవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను చూసిన మొదటివాడు ఆయన.

తిరుగు ప్రయాణానికి బస్సు ఎక్కాక చూస్తే సారు లేడు. వెతుక్కుంటూ మైదానానికి పోయాను. నేను కాల్చిన జాగాలోనే, కోటుతోనే, బోర్లా పడుకుని దుర్భిణిలో చూస్తున్నాడు.

"బస్సు హారన్ కొడతాంది సారూ."

"జెండను జూసిన గని, గడ్డి మీది సెగను జూడలే బిడ్డా. గాలి నిలవడ్డా జెండ జరసేపు ఎగురుతనే ఉంటది. ఇప్పుడు గూడ గట్లనే అయితాంది, సూడు."

నేనూ పక్కన పడుకున్నాను. దుర్భిణి నాకిచ్చాడు. దూరంగా ఎవరో జెండాలు ఒక్కొక్కటే దించుకుంటూ పోతున్నారు. అవి లేని చోట, గడ్డి మీద ఎండ సెగ పలుచని నీటిపొరలా కుడికి కదిలింది, ఆగింది, మళ్లీ మెల్లగా కదిలింది.