దుక్కిలో దిగిన విమానం

ఇంజను చెడకుండా, గాలివాన రాకుండా, కేవలం ప్రేమతో విమానాన్ని కూలగొట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. ధర్మవరంలో మగ్గం నేసుకునే నేనే ఆ మహానుభావుణ్ణి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, విమానం ఎక్కాలని ఒకటే పిచ్చి.

బెంగళూరు షావుకారు ఒకాయనకు సొంతంగా చిన్న విమానం ఉండేది. తనే నడిపేవాడు. చెల్లెలి పెళ్లికి మా ఇంట్లో పట్టుచీరలు నేయిస్తూ ఒకనాడు అన్నాడు:

"వచ్చే సోమవారం చీరలకు విమానంలోనే వస్తానప్పా. చదునైన చోటు చూసి తెల్లగుడ్డ పరచు. నిన్నూ ఒక చుట్టు తిప్పుతా."

ఆ వారం నాకు అన్నం దిగితే ఒట్టు!

"తాడిమర్రికి పోయే దావలో గట్టి బయలు ఉండాది గదరా," అన్నాడు నాయన.

"ఆడంతా గరుకు నాయనా. పట్టుపోగు తగిలితే తెగుతాది. అట్లాంటి చోట విమానాన్ని దించేదా?"

చూశారా తెలివి! నేతగాడి చెయ్యి కదా, నేలను కూడా అరచేత్తో నిమిరి చూశాను. మా మామ వేరుశనగకు దున్నిపెట్టిన చేను దూదిలా తగిలింది. రాళ్లన్నీ ఏరాను. అదీ చాలక, ఇంకా మెత్తబడుతుందని నలభై కడవల నీళ్లు చల్లాను. తెల్లగుడ్డ పరిచి, కొత్త అల్లుడి కోసం చూసినట్టు పైకి చూస్తూ నిలబడ్డాను.

విమానం వచ్చింది. చక్రాలు ఆనిన చోటే దిగబడ్డాయి. ముక్కు బురదలోకి, తోక ఆకాశంలోకి. ముందు తిరిగే పంకా ఫెళ్లున విరిగింది. షావుకారు ముందుకు ఒరిగి నడుము పట్టీకి వేలాడుతున్నాడు.

"దెబ్బ తగిలెనా సామీ?"

"పెదవి పగిలింది. ఏమప్పా, ఈ చేనికి నీళ్లు పెట్టిందెవరు?"

"నేనే సామీ. మెత్తగా దిగుతారని."

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. విమానం విరిగినందుకు కాదు, నా చుట్టు పోయినందుకు.

మర్నాడు రెక్కలు విప్పి ఒక ఎద్దులబండిలో, మిగతా విమానం ఇంకో బండిలో వేసి రైలు స్టేషనుకు తోలుతుంటే ఆయన నన్ను పిలిచాడు.

"మాటిస్తిని గదప్పా. ఎక్కు."

ఎక్కాను. ఊరంతా చూస్తుండగా విమానంలో కూర్చుని బజారు దాటాను.

"యాడికి పోతాండావబ్బా?" అని అరిచారు.

"బెంగళూరికి!" అన్నాను. స్టేషను దగ్గర దించేశారు.

ఇప్పటికీ పైన చప్పుడైతే మగ్గం ఆపి వీధిలోకి వస్తాను. అది కనుమరుగయ్యేదాకా లోపలికి పోబుద్ధి కాదు. అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నన్ను ఎక్కించుకోవడానికి వచ్చే విమానానికి ఇక మీదట ఒక్క చెంబు నీళ్లు కూడా చల్లను. ఒక్కటి వస్తే చాలు.