నెగటివ్ కోసం అబిడ్స్ దాకా

కొంచెం ఇటు జరిగి కూర్చోండి. కోపంతో చెప్పబోయే సంగతి ఇది, దూరంగా ఉంటే గొంతు పెంచాల్సి వస్తుంది.

మాది వికారాబాదు. నా చెల్లెలు సుకుమారి బిడ్డను కన్న పదకొండో రోజున పోయింది. ఆ బిడ్డే కృప. మా ఇంట్లోనే పెరిగింది, ఈ సంగతి జరిగేనాటికి ఇరవై రెండేళ్ళది. సుకుమారికి ఉన్నది ఒక్కటే ఫొటో, పెళ్ళికి ముందు హైదరాబాదు అబిడ్స్‌లో ఒక స్టూడియోలో దిగింది. అరచేతి కంటే చిన్నది. మా అమ్మ దాన్ని రుమాల్లో చుట్టి తలగడ కింద పెట్టుకునేది. ఈస్టరు పొద్దున మాత్రం తీసి కృపకు చూపించేది, చేతికి ఇచ్చేది కాదు.

ముందటేడు అమ్మ ప్రభువు దగ్గరికి పోయేటప్పుడు "సుకుమారి నా తోటే రావాలె" అంది. పెట్టె మూసే ముందు నేనే ఆ ఫొటో అమ్మ చేతుల కింద పెట్టాను. కృప వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. "ఏం గాదు బిడ్డా, నెగటివ్ అబిడ్స్‌ల భద్రంగ ఉన్నది, నీకు కొత్తది కడిగించుకొస్త" అన్నాను. ఆ రోజుల్లో స్టూడియోల పద్ధతి అది. ఫొటో వెనక పెన్సిలుతో నంబరు వేసి ఇచ్చేవాళ్ళు. ఎన్నేళ్ళకైనా నంబరు చెబితే మళ్ళీ కడిగి ఇచ్చేవాళ్ళు. మా నాయన ఫొటో అట్లాగే రెండుసార్లు తెచ్చుకున్నాం. సుకుమారి నంబరు నాలుగు వేల నూట డెబ్భై రెండు. ఇంటి బైబిలు మొదటి పేజీలో నాయన రాసి పెట్టాడు.

ఏడాది తిరిగాక, ఒక శనివారం పొద్దున ఏడూ పది ప్యాసింజరుకు నేను, కృప బయలుదేరాం. మీరు పోతే ఆదివారం పోకండి, మనకు ఆరాధన, వాళ్ళకు షాపు బంద్. శంకర్‌పల్లిలో ఆకుకూరల గంపతో ఒకామె ఎక్కి మా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పొద్దు పొద్దుగాల పట్నమేంది బిడ్డా, పెండ్లి బట్టలకా?" అని కృపను అడిగింది.

"మా అమ్మను తెచ్చుకోనీకి" అంది కృప. ఆమెకు ఏమర్థమయిందో, "మంచిగ తోలుకరా" అని ఒక కట్ట కొత్తిమీర దాని ఒళ్ళో పెట్టింది.

లక్డీకాపూల్ దాటి నాంపల్లిలో దిగేసరికి తొమ్మిదింపావు. స్టేషను ఎదుట ఇరానీ హోటల్లో చాయ్ తాగి, రెండేసి ఉస్మానియా బిస్కెట్లు తిని అబిడ్స్ దాకా నడిచాం. ఆటో దండగ, పావుగంట నడక. స్టూడియో షట్టరు పదిన్నరకు తీశారు.

లోపల నేనెరిగిన చీకటి గది లేదు. గోడ పొడుగునా అట్టపెట్టెల అరలు ఉండేవి, అవీ లేవు. రెండు కంప్యూటర్లు, చల్లటి గాలి. కౌంటరు దగ్గర ఉన్నది పాత యజమాని అల్లుడట. నేను నంబరు చెప్పాను.

"గవన్నీ ఇప్పుడెక్కడున్నయమ్మా? షాపు మొత్తం డిజిటల్ చేసినం. జాగ లేదు. ఫిల్ములకెంచి వెండి తీసేటోళ్ళుంటరు, కిలోల లెక్కన కొంటరు. మూడు నెలలైంది, మూటలు గట్టి ఇచ్చేసినం."

నేను కౌంటరు మీదికి వంగాను. "మా చెల్లె ముఖంల ఎంత వెండి ఎల్లింది నాయనా?"

"జర సమఝ్ చేస్కో అమ్మా. అబిడ్స్‌ల ఎవ్వరు పెట్టుకుంటలేరు. పాత ఫొటో తే, స్కాన్ చేసి రెండు నిమిషాలల్ల కొత్తగ చేసిస్త."

"ఫొటో మట్టిల ఉన్నది. మీరున్నరని పెట్టిన. రిజిస్టర్ల మా ఊరు, మా నాయన పేరు రాసుకున్నరు గదా. ఒక్క కార్డు ముక్క రాయకపోయిన్రా?"

"గంత మందికి ఎవరు రాస్తరమ్మా? రిజిస్టర్లు గూడ గా మూటలల్లనే పోయినయ్."

కొత్త మెషీను వద్దని నేననను. నాకు దాని మీద పగ లేదు. కార్డు రాయడానికి ఏ మెషీను అడ్డమొచ్చింది? మా ముఖాలు మావి. వాళ్ళకు దాయమని ఇచ్చాం, అమ్ముకొమ్మని కాదు.

కంప్యూటరు ముందున్న పిల్ల కుర్చీ ఇటు తిప్పింది. "అక్కా, నీది మీ అమ్మ పోలికేనా? నీ ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి, పాత చీర, రెండు జడలు పెడత. మస్తొస్తది."

కృప అటు అడుగేసింది. "ఒక్కసారి చూద్దాం పెద్దమ్మా."

"నిన్ను చూసి నువ్వే అమ్మా అనుకుంటవా?" అన్నాను. దాని మీదా అరిచాను, పాపం. అది బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి ఏడ్చింది. అన్నం సయించలేదు, ఒక్క ప్లేటు ఇడ్లీ ఇద్దరం తిన్నాం.

తిరుగు బండి రెండున్నరకు. ఎదురు సీటాయన సెల్‌ఫోనులో మనవడిని చూపించాడు. "రెండొందల ఫొటోలున్నయ్ చెల్లే."

"పుట్టినప్పటిది చూపియ్యన్నా."

"అవి ముందటి ఫోన్ల ఉండె. అది ఖరాబైతే పారేసినం" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లింగంపల్లి దాటాక కృప నా భుజానికి ఆనుకుంది. "ఆ ఫొటోల అమ్మ ఎట్లుండె? చెప్పు పెద్దమ్మా."

చెప్పాను. వెనక తెర మీద గీసిన చెరువు, పేము కుర్చీ, నా దగ్గర ఎరువు తీసుకున్న చేతి గడియారం, నవ్వొద్దంటే బిగబట్టిన పెదవులు, బుగ్గ మీద పుట్టుమచ్చ.

"ఏ బుగ్గ? నాకు యాదికొస్తలేదు."

నోరు తెరిచాను. మూడు తరాల వాళ్ళ పెళ్ళిళ్ళలో ఎవరు ఏ చీర కట్టారో చెప్పగలదాన్ని. ఆ ఒక్కటి రాలేదు. ఎడమ అనుకుంటే ఎడమ కనిపిస్తోంది, కుడి అనుకుంటే కుడి.

"ఎడమ" అన్నాను.

కృప తన ఎడమ బుగ్గ మీద వేలు పెట్టి చూసుకుంది. వికారాబాదు దాకా ఆ వేలు తియ్యలేదు.

మీ వాళ్ళ నెగటివ్‌లు ఏ స్టూడియోలోనైనా ఉంటే రేపటి బండికే పోండి. మీ ఇంట పోయినవాళ్ళ ముఖాలు మీ పిల్లల పిల్లలకు కూడా చెదరకుండా ఉండాలి. అడిగిన బిడ్డకు అబద్ధం చెప్పే అవసరం మీ ఇంట్లో ఎవరికీ రాకుండా ప్రభువు చూచుగాక.