కొండపిల్లకు పెట్టే ముద్ద

మా దొడ్డమ్మ, అంటే మా అమ్మకు అక్క, మొన్న శుక్రవారం మలేసియాలోని సుంగై సిపుట్‌లో కన్నుమూసింది. ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు సిగ్గు వేసింది. ఎందుకో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా రబ్బరు తోట వెనక ఒక కొండ ఉండేది. ఏటా ఫిబ్రవరిలో రబ్బరాకు ఎర్రబడి రాలేది. రబ్బరుపాలు తగ్గి పెద్దవాళ్ళు దిగులుపడేవారు, పిల్లలం ఎండుటాకుల్లో దొర్లేవాళ్ళం. అప్పుడే దొడ్డమ్మ కొండపిల్ల కథ చెప్పేది. అడవి కొట్టి తోట వేసిన రోజుల్లో మనవాళ్ళ పిల్ల ఒకతె కొండెక్కి తిరిగి రాలేదట.

"ఆకు ఎర్రబడినాదంటే ఆ గుంట సీర ఆరేసినాదన్నమాట. ఆకలి మీదుంటాది," అనేది.

అందుకని ఆకురాలే నెలలో ఒకరోజు కొండ కింది రాతి మీద పప్పన్నం ముద్ద పెట్టి వచ్చేది, నన్ను వెంటబెట్టుకుని. వాళ్ళమ్మ నుంచి వచ్చిన ఆచారం. పెట్టిన సంగతి పైకి అనకూడదు. అంటే ఆ పిల్లకు ముట్టదు.

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో, అడవిలోని కమ్యూనిస్టు తుపాకులవాళ్ళకు తిండి అందకూడదని మా కూలీల లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. పనికెళ్ళేవాళ్ళు మెతుకు కూడా గేటు దాటించకూడదు. దొడ్డమ్మ మానుకునే మనిషా? ముద్దను అరిటాకులో చుట్టి, పాల బకెట్‌లో గుడ్డ కింద దాచింది. నేను పక్కనుండగానే గేటు దగ్గర పట్టుబడింది.

ఎవరికని కాపలావాడు గద్దించాడు. దొడ్డమ్మ పెదవి విప్పలేదు. అక్కడే ఉన్న తోట క్లర్కు మనవాడే. నా వైపు వంగి, "కొండకేనా గుంటా? నాను సెప్తే నమ్మరు. నువ్వు తలూపితే సాలు, మిగతాది నాను సూసుకుంటాను," అన్నాడు.

నాకు పదేళ్ళు. తుపాకీ నా మొహానికి ఎదురుగా ఉంది. "నాకు తెల్దు," అన్నాను. ఆచారం గుర్తొచ్చి కాదు. ఒట్టి భయం.

దొడ్డమ్మను తీసుకుపోయారు. ఆరు నెలలకు వదిలారు. ఆ తర్వాత ఆమె నోట కథ వినలేదు. మెర్డెకా రోజున, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, లైనంతా జెండాలు కట్టి మిఠాయిలు పంచుకుంటుంటే, ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తర్వాత కంచె కూడా తీసేశారు. ఆకు రాలినప్పుడు, కొండకు వెళ్దామా అని అడిగాను. "నానింక రాను," అంది. నా మీద కోపమనుకున్నాను. ఆ మాట పట్టుకుని ఏళ్ళ తరబడి తప్పించుకు తిరిగాను. ఎంత తేలికో అలా తిరగడం.

కిందటేడు ఆమె మంచం పట్టిందని తెలిసి వెళ్ళాను, ఈసారి క్షమించమని అడిగి తీరాలని. మంచం మీద కూర్చుని మంగిస్ పళ్ళు ఒలుచుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"ఆ దినం బలే గట్టిగా నిలబడినావే. తుపాకీ ఎదురుగున్నా కొండపిల్ల మాట పైకి రానీనేదు. లోపలున్నన్నాళ్ళూ అదే తలుసుకున్నాను. సంకెల పడిన సెయ్యి గదా నాది, దీంతో ముద్ద పెట్టకూడదు. నువ్వున్నావని దైర్నం. ఏటా పెడతన్నావు గదా?"

నేను ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆ రాయి ఎక్కడుందో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

"దొడ్డమ్మా..." అన్నాను.

"సెప్పకు. సెప్పకూడదు," అంటూ తెల్లటి మంగిస్ తొన ఒకటి తీసి నా నోట్లో పెట్టింది. మెల్లగా నమిలాను. ఆమె నా మొహం చూసుకుంటూ, తృప్తిగా ఇంకో పండు ఒలవసాగింది.