తెరిసమ్మ ఎత్తి చూసిన చెయ్యి

తెరిసమ్మకు చదువు రాదు. అరకు దగ్గర మిషన్ హాస్టల్లో పద్దెనిమిదేళ్లుగా వంట చేస్తోంది. పిల్లల మొహం చూసి ఎవరు అన్నం వదిలేశారో చెప్పేస్తుంది. నేను ఆ ఊరి సబ్‌సెంటర్ నర్సును, రత్నాలు. సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నదాన్ని. మా ఇద్దరిలో కళ్లున్నది ఎవరికో సిగ్గుపడుతూనే చెబుతాను.

తెరిసమ్మకు ఉన్నదల్లా చెల్లెలు డాలీ. పోయినేడు ఆ పిల్ల బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ అలాగే నిలబడిపోయింది. మాట లేదు, పలుకు లేదు. జాకెట్టు మార్చడానికి అక్క చెయ్యి పైకెత్తితే, ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెదడుకు మలేరియా ఎక్కిందేమోనని హడలిపోయాను. కానీ ఒళ్లు చల్లగా ఉంది. కొండ దిగి పెద్దాసుపత్రికి తీసుకెళితే మలేరియా కాదు, ఫిట్సూ కాదు అన్నారు. ఇది మనసు జబ్బు, కాటటోనియా అంటారని చెప్పి ఉదయ్ డాక్టరు ఒక సూది వేశారు. అరగంటలో డాలీ మంచినీళ్లు అడిగింది. తర్వాత రోజూ వేసుకోమని వేరే మాత్రలు రాశారు. అప్పట్నుంచి ఆ జబ్బు గురించి నాకు అంతా తెలిసినట్టే తిరిగాను.

ఈ ఆగస్టులో డాలీకి మళ్లీ ఏవో గొంతులు వినిపిస్తున్నాయంటే మాత్ర మోతాదు పెంచారు. వారం తిరక్కుండానే తెరిసమ్మ ఫోన్ చేసింది. మా డాలీ గుంట మాట్లాడటం లేదు, మంచం దిగటం లేదు అంది. నేను టీకాల పనిలో ఉన్నాను. పాత జబ్బే తిరగబెట్టింది, మాత్ర నూరి జావలో కలిపి పట్టమని చెప్పి పెట్టేశాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. వానలో స్కూటీ మీద విసుక్కుంటూ వెళ్లాను. మాత్ర కలిపిన జావ గిన్నె పొయ్యి పక్కన మూతపెట్టి ఉంది.

“ఇది ఆ జబ్బు కాదు నర్సమ్మా,” అంది తెరిసమ్మ. “అప్పుడు సెయ్యెత్తితే ఎత్తినకాడే ఉండిపోయింది. ఇప్పుడు ఎత్తుదామన్నా వొంగట్లేదు, కర్రలాగుంది. ఒళ్లు కాలిపోతంది. నువ్వు తిడతావని నిన్న మాత్రేసినాను. ఇయాళ జావలో కలిపినాను గానీ నేను పట్టను.”

డాలీని ముట్టుకున్నాను. చెమటకు దుప్పటి తడిసిపోయింది. జ్వరం నూట నాలుగు దాటింది. నాడి లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పాను. మలేరియా ఉంటే కిట్టులో పడాల్సిన రెండో గీత రాలేదు. వస్తే బాగుండునని కోరుకున్నాను. అప్పుడు తప్పు దోమది అవుతుంది కదా.

ఉదయ్ డాక్టరుకు ఫోన్ చేస్తే రెండే అడిగారు. జ్వరం ఉందా, ఒళ్లు బిగుసుకుందా అని. నేను అవునన్నాను.

“మాత్ర ఆపేయండి. ఇక ఒక్కటి కూడా వద్దు. ఆ మాత్రే ఇంత పని చేసుండొచ్చు. వెంటనే కొండ దింపి తీసుకురండి.”

అంబులెన్సులో డాలీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను. నా నోటి మాట మీద పడిన మాత్ర ఆ పిల్ల ఒంట్లో ఉంది. ఘాట్ రోడ్డు మలుపు తిరిగిన ప్రతిసారీ ఊపిరి ఉందో లేదో చూశాను. తెరిసమ్మ జపమాల తిప్పుతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎంత అనిపించిందో.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే కండరాలు దెబ్బతింటున్నాయని తేలింది. పైకి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయని, ప్రతిసారీ చేత్తో పట్టి చూస్తే తెలిసేవి కావని ఉదయ్ డాక్టరు చెప్పారు. అది మనసు జబ్బు, ఇది దాని మందే ఒంటికి పడక వచ్చిన జబ్బు. ఇందులో మాత్ర వేసేకొద్దీ ప్రాణం మీదికొస్తుంది.

“మాత్ర ఆపాలని ఎవరికి తోచింది?” అని అడిగారు ఆయన. నేను తెరిసమ్మ వైపు చూపించాను. తలెత్తలేకపోయాను.

పన్నెండు రోజులకు డాలీ లేచి కూర్చుంది. ఇప్పుడు మందు మార్చారు, బాగానే ఉంది. హాస్టల్లో అక్కతో పాటు కూరలు తరుగుతోంది, పోట్లాడుతోంది.

ఆదివారాలు చర్చిలో పాట మధ్య డాలీ కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తుతుంది. అందరూ ఎత్తేదే. కానీ పక్కనున్న తెరిసమ్మ పాడటం ఆపేస్తుంది. ఆ చెయ్యి కిందికి దిగేదాకా దాన్నే చూస్తుంది. వెనక బెంచీలో నేనూ అంతే.