చెంపతో చూసే వడ్లాయన

చమురు డబ్బుతో అరబ్బు దేశంలోని అల్ రయ్యాన్‌లో వీధివీధికీ కొత్త విల్లాలు లేస్తున్న రోజులవి. నేను డ్రైవరుగా ఉన్న ఇంటికి తలుపులు చేయడానికి జగిత్యాల వైపు వడ్లాయన ఒకడు వచ్చాడు. చెక్క నునుపు తేలిందో లేదో ఆయన చేత్తో చూసేవాడు కాదు, చెంప ఆనించి చూసేవాడు. "చేతులు కాయలు కాసినయి తమ్మీ, వాటికేం తెలుస్తది" అనేవాడు.

ఒకరోజు మా అర్బాబు, అంటే యజమాని, ఇంట్లోని పాత వేట తుపాకీ తెచ్చి, దాని కర్రభాగాన్ని కొత్తదానిలా చేయమన్నాడు. వడ్లాయన ఇనుము విప్పి, పాత వార్నిష్ గీకి, అలవాటుగా చెంప ఆనించి ఆగిపోయాడు.

"ఈడ జర పల్లమున్నది. ఎవరిదో చెంప ఆని ఆని అరిగింది. ఉంచాల్నా తీయాల్నా, అర్బాబును అడుగు తమ్మీ."

ఆయనకు అరబ్బీ రాదు, ఆ పూట నాకేమో మాట్లాడే ఓపిక లేదు. లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చి, "తీసెయ్యమన్నాడన్నా" అన్నాను.

రెండు రోజులు సాండ్‌పేపర్‌తో చదును చేసి, నూనె పట్టించాడు. కర్ర అద్దంలా మెరిసింది. యజమాని మురిసిపోతూ తుపాకీని భుజానికెత్తి చెంప ఆనించాడు. తీసి, మళ్లీ ఆనించాడు.

"ఇక్కడ మా నాన్న చెంప ఉండేది" అన్నాడు మెల్లగా. అది తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను.

వడ్లాయన నా వైపు ఒకసారి చూశాడు.

"తప్పు నాదేనని చెప్పు తమ్మీ. చెంపకు తెల్సింది, నేనే ఇనలే."

ఆ మాటను మాత్రం ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పాను.