చందానగర్ అక్క శనివారాలు

మాదాపూర్‌లో ఉద్యోగానికి కొత్తగా వెళ్తున్న కాలంలో, కూకట్‌పల్లి నుంచి ఆఫీసు దాకా క్యాబ్‌లో ఆడవాళ్లందరినీ నవ్వించే బాధ్యత నాదే. (ఖాజాగూడ గుట్ట మీద మా మేనేజర్‌ని ఒక కోతి ఇంటర్వ్యూ చేసిన కథతో నాకు మంచి పేరొచ్చింది. అది జరగలేదనేవాళ్లు అప్పుడక్కడ లేరు.) బాబు పుట్టి మళ్లీ ఆఫీసుకు వచ్చేసరికి మాత్రం నా కథకు నేనే నవ్వలేని రోజులొచ్చాయి. నవ్వినా, తుమ్మినా, స్పీడ్‌బ్రేకర్ ఎక్కినా బట్టలు తడిసేవి. ముదురు రంగు చుడీదార్, ఒళ్లో బ్యాగు, కాలు మీద కాలు. "పిల్లలు పుట్టాక ఎవరికైనా ఇంతేనమ్మా" అని అమ్మ తేల్చేసింది. కథలు మానేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్ర నటించేదాన్ని.

అప్పుడే, మా క్యాబ్‌లోనే వచ్చే చందానగర్ అక్క మీద అనుమానం మొదలైంది. ముగ్గురు పిల్లల తల్లి, లేత పసుపు చుడీదార్‌లో కాళ్లు బారచాపుకుని పగలబడి నవ్వుతుంది! పైగా ప్రతి శనివారం గచ్చిబౌలిలో ఫిజియోథెరపీకట. కాలు విరగలేదు, మెడ పట్టలేదు. "దేనికక్కా?" అంటే, "జర పనున్నది లే" అని మాట మార్చేది. వేరే కంపెనీ ఇంటర్వ్యూలే అయ్యుంటాయని నిశ్చయించుకుని, ఒక శనివారం మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని ఆటోలో వెంటపడ్డాను.

క్లినిక్ మేడ మీద గది తలుపు ఓరగా తీసి ఉంది. అక్క చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పైకప్పు చూస్తోంది. "బిగించండి, ఊపిరి ఆపొద్దు, ఇప్పుడు వదలండి" అంటోంది ఫిజియోథెరపిస్టు అమ్మాయి. వేలు కూడా కదలడం లేదు. సూది లేదు, మాత్ర లేదు. పచ్చి మోసం అనుకుంటుండగా, స్కార్ఫ్ దుమ్ముకి నాకు తుమ్మొచ్చింది. చటుక్కున కాలు మీద కాలు వేసి గోడకు అతుక్కుపోయాను.

"ఏందే, నీకు గూడ గిదేనా? గందుకేనా కతలు బంద్ వెట్టినవ్?" అంది అక్క, లేచొచ్చి నా స్కార్ఫ్ లాగి.

"అబ్బే, మోకాలి నొప్పండీ" అన్నాను ఆ అమ్మాయితో.

"తుమ్మితే వచ్చే మోకాలి నొప్పా అండీ?"

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

"నువ్వు నాకు జెప్పినవా? నీకు జెప్తే ఆ కోతి లెక్క నన్ను గూడ గుట్టెక్కిస్తవని భయమైంది."

మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలు కాన్పులో వదులవుతాయనీ, వ్యాయామంతో మళ్లీ బలపడతాయనీ, చాలామందికి ఉండేదే అయినా ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదనీ ఆ అమ్మాయి చెప్పింది. నమ్మలేదు. నమ్మకుండానే నెలల తరబడి మీటింగుల్లో బిగించాను, వదిలాను. (నా ఏకాగ్రతను మేనేజర్ మెచ్చుకున్నాడు.) ఒకరోజు క్యాబ్‌లో కోతి కథ మళ్లీ ఎత్తుకున్నాను. అక్క నవ్వింది, నేనూ నవ్వాను, సరిగ్గా అప్పుడే స్పీడ్‌బ్రేకర్ వచ్చింది. ఏమీ కాలేదు.

నేను చెప్పేవాటిలో నిజమైన కథ ఇదొక్కటే. నమ్మించడానికి కష్టపడేదీ దీనికే. ఇప్పుడు నా కథ వింటూ ఏ అమ్మాయైనా నవ్వు బిగబట్టి కాలు మీద కాలు వేసుకుంటే, మెల్లగా పక్కన చేరి "మోకాలి నొప్పా అమ్మా?" అంటాను. ఆనాడు స్కార్ఫ్ చుట్టుకుని తలుపు సందులోంచి నేను అక్కని చూసినట్టే, అదే అనుమానంతో, ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూస్తుంది.